కెనడాకు పనికిరాని పరీక్ష

ఫ్రెంచి పరీక్షల గురించి నాకు ఫోన్ చేసే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న. "ఆంటీ, ఏది ఈజీ?" బాగున్నారా అన్న పలకరింపు కూడా ఆ తర్వాతే. లేత వంకాయలు ఏరి ఇవ్వడానికి నేనేమన్నా కూరగాయల కొట్టు పెట్టుకున్నానా? ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నా ఈ ఫోన్లు మాత్రం ఆగలేదు. ఇదివరకు విసుక్కుని పెట్టేసేదాన్ని. ఇప్పుడు విసుక్కోకుండా ఒక మొగుడూ పెళ్ళాల సంగతి చెబుతున్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, మీ అందరి కోసం, పేర్లు లేకుండా ఇక్కడ రాస్తున్నాను.

మాది యానాం. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు. మా నాన్నగారు దొరల కచేరీలో గుమాస్తా. దొరలు ఓడెక్కి వెళ్ళిపోయినా ఆయన నోట్లో వాళ్ళ భాష ఉండిపోయింది. మమ్మల్ని తిట్టాలంటే తెలుగు, ముద్దు చేయాలంటే ఫ్రెంచి. అలా అబ్బిన భాషనే తర్వాత పాండిచ్చేరిలో చదువుకున్నాను. డాక్టరుని పెళ్ళి చేసుకుని ఈ బ్రిటన్ వచ్చి, ఆయనకి ఏ ఆసుపత్రిలో ఉద్యోగమైతే ఆ ఊళ్ళో కాపురం పెట్టాను. వేల్స్ అయ్యింది, లీడ్స్ అయ్యింది, చివరికి బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాం. ఇక్కడే చాలా ఏళ్ళు ఒక స్కూల్లో ఫ్రెంచి చెప్పి, ఆ తర్వాత ఒక పరీక్షా కేంద్రంలో ముందు డెస్కు మీద కూర్చున్నాను. ఎవరికి ఏ పరీక్ష కావాలో చెప్పడం, పరీక్షరోజు పాస్‌పోర్టులు చూసి లోపలికి పంపడం, చేతులు వణికేవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడం నా పని.

ఆ డెస్కు మీద నేను రోజుకి పదిసార్లు చెప్పే మాట ఒకటుంది. డెల్ఫ్ అనేది డిగ్రీ పట్టా లాంటిది. ఒకసారి పాసైతే బతికినన్నాళ్ళూ నీదే. స్కూల్లో పాఠం చెప్పాలన్నా, ఫ్రాన్సులో చదువుకోవాలన్నా అది చూపిస్తారు. టీసీఎఫ్ కెనడా అనేది షుగర్ టెస్టు లాంటిది. ఇవాళ నీ ఒంట్లో ఫ్రెంచి ఎంతుందో చెబుతుంది, రెండేళ్ళు దాటితే ఆ కాగితం చెల్లదు. కెనడాలో స్థిరపడతామని దరఖాస్తు పెట్టేవాళ్ళని అక్కడి ప్రభుత్వం ఈ షుగర్ టెస్టే అడుగుతుంది. పట్టా తీసుకెళ్ళి చూపిస్తే మంచిది నాయనా అని పక్కన పెడుతుంది.

మనవాళ్ళకి ఇది ఓ పట్టాన ఎక్కదు. సర్టిఫికెట్ అంటే జన్మకో శివరాత్రి అనుకునే ఇళ్ళల్లో పెరిగాం కదా. "రెండేళ్ళకి ఎక్స్‌పైరీ అయ్యేదానికి ఎవరు ఫీజు కడతారండీ, లైఫ్‌టైమ్ వాలిడిటీ ఉన్నదే రాస్తాం" అని నాకే ఎదురు చెప్పి డెల్ఫ్ రాసినవాళ్ళు బోలెడుమంది. ఒకడు రాస్తే వాడి వాట్సాప్ గ్రూపంతా రాస్తుంది.

అలా రాసినవాళ్ళలో ఒకడు ఓ శనివారం భార్యని, ఆరేడేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని నా డెస్కు ముందుకి వచ్చాడు. గుంటూరు అబ్బాయి, ఐటీ ఉద్యోగం. భార్యది విశాఖపట్నం. పిల్లని నీ పేరేంటమ్మా అని తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్పి, నాకు థాంక్యూ కూడా చెప్పింది. అతను బ్యాగులోంచి డెల్ఫ్ సర్టిఫికెట్ తీసి నా ముందు పెట్టాడు. లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు.

"ఆంటీ, దీన్ని కెనడా అప్లికేషన్‌లో ఎక్కడ అప్‌లోడ్ చెయ్యాలో అర్థం కావట్లా. టీసీఎఫ్ నంబర్ ఇమ్మంటది."

"ఎక్కడా చెయ్యక్కర్లేదు బాబూ. ఇది దానికి పనికిరాదు."

"ఏందాంటీ మీరనేది? మా గ్రూపులో అందరూ ఇదే రాశారు."

"అందరూ తప్పే రాశారు."

కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లిగా విషయం చెప్పాడు. అతని కంపెనీలో రిడండెన్సీలు మొదలయ్యాయి. వచ్చే వసంతానికి అతని ఉద్యోగం కూడా పోతుందని మేనేజరు ముందే చెప్పేశాడు. వీసా ఆ ఉద్యోగానికి కట్టేసి ఉంది. స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఇంకో కంపెనీ దొరకలేదు. ఉద్యోగం పోయిన కొద్ది వారాలకే ముగ్గురూ దేశం వదలాలి. ఫ్రెంచి వచ్చినవాళ్ళని కెనడా త్వరగా పిలుస్తోందని తెలిసి, రెండేళ్ళుగా ఆఫీసు అయ్యాక ఆన్‌లైన్ క్లాసుల్లో కూర్చుని నేర్చుకున్నాడు. అంతా చేసి చివరికి రాసింది తప్పు పరీక్ష.

"ఇప్పుడేం చెయ్యాలాంటీ?"

"సరైన పరీక్ష రాయాలి. మాట్లాడటం దగ్గర మార్కులు ఎక్కువ కావాలి, ఇప్పటినుంచే నోరు తెరిచి మాట్లాడు" అన్నాను. భార్య పక్కనే నిలబడి అంతా విన్నది. ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు పరీక్ష రాసేవాడు అతనే కదా.

అతను టీసీఎఫ్ కెనడా రాశాడు. చదవడంలో పరవాలేదు, వినడంలో ఒడ్డున పడ్డాడు, మాట్లాడటంలో మునిగాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ అక్కడే మునిగాడు. తెలివితక్కువవాడు కాదు, కష్టపడనివాడు అంతకన్నా కాదు. నోరు తెరిచి తప్పు మాట్లాడటమంటే అతనికి ప్రాణం పోయినంత సిగ్గు. ముందు మనసులో వాక్యం కట్టుకుని, దాన్ని సరిచూసుకుని, బయటికి తెచ్చేసరికి ఎదుటివాళ్ళు ఇంకో ప్రశ్నలోకి వెళ్ళిపోతారు. భార్య ప్రతిసారీ ఫ్లాస్కులో టీ, డబ్బాలో ఇడ్లీ పెట్టుకుని వచ్చి వెయిటింగ్ హాల్లో సోఫా మీద కూర్చునేది.

రెండోసారి అతను లోపల ఉండగానే నాకు మొదటి దెబ్బ తగిలింది. మా దగ్గర ఓరల్ పరీక్షలు చేసే ఒక ఫ్రెంచావిడ ఉండేది. ఉత్తర ఫ్రాన్సు మనిషి. మెచ్చుకోవడంలో మహా పిసినారి. ఎంత బాగా మాట్లాడినవాళ్ళనైనా "పరవాలేదు" అనేదే తప్ప ఇంకో మాట అనేది కాదు. ఆవిడ టీ విరామంలో నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ సోఫాలో కూర్చున్నామె ఏ పరీక్షకి వచ్చింది?" అంది.

"ఏ పరీక్షకీ కాదు. భర్తకి తోడు వచ్చింది."

"నేను తాగేది టీ కాదట. టీ ఆకులు స్నానం చేసిన నీళ్ళట. టీ ఎలా కాయాలో నాకు ఫ్రెంచిలో పాఠం చెప్పింది. నేను ఎదురు వాదిస్తే నవ్వుతూ ఓడించింది. నా పిల్లల కబుర్లు అడిగింది. ఏమిటిది?"

లేచి సోఫా దగ్గరికి వెళ్ళాను.

"ఏమ్మాయ్, నీకు ఫ్రెంచి వచ్చా?"

"కొంచెం వచ్చాంటీ."

"కొంచెం అంటే? ఎక్కడ నేర్చుకున్నావు?"

"మాది చిన్న ఫ్లాట్ కదాంటీ. ఆయన హాల్లో క్లాసు వింటుంటే నేను వంటింట్లో వినేదాన్ని. ఇంకా, పాప స్కూల్ దగ్గర ఒకావిడ ఉంది, ఐవరీకోస్ట్ నుంచి వచ్చింది, వాళ్ళ దేశంలో మాట్లాడేది ఫ్రెంచే. వాళ్ళమ్మాయి, మా పాప ఒకే క్లాసు. వచ్చిన కొత్తల్లో ఆవిడకి ఇంగ్లీషు రాదు. నాకు కబుర్లు చెప్పుకోడానికి ఎవరూ లేరు. అలా రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి తెచ్చుకునేటప్పుడు మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆవిడకి ఇంగ్లీషు వచ్చేసింది గానీ, మాకు ఫ్రెంచే అలవాటైపోయింది."

నేను ఫ్రెంచిలో ఒక ప్రశ్న వేశాను. సమాధానం చెప్పింది. ఇంకోటి వేశాను. కాసేపటికి నేను ప్రశ్నలు వేయడం మర్చిపోయి, యానాం గురించి, మా నాన్నగారి గురించి చెప్పుకుంటూ కూర్చున్నాను. వ్యాకరణం అక్కడక్కడా తడబడుతోంది గానీ భాష మాత్రం నీళ్ళలా పారుతోంది. రెండేళ్ళు తల బద్దలు కొట్టుకున్నవాడు లోపల చెమటలు కక్కుతున్నాడు, అసలు మనిషి బయట ఇడ్లీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇక్కడ మీరు ఒక విషయం తెలుసుకోవాలి. కెనడా దరఖాస్తులో ఒకరే ప్రధాన దరఖాస్తుదారు. మిగతావాళ్ళు వాళ్ళ వెనక వెళ్ళే కుటుంబం. ఫ్రెంచి వచ్చినందుకు దక్కే పెద్ద లాభం ఆ ప్రధాన వ్యక్తికి భాష వస్తేనే దక్కుతుంది. వెనక వచ్చేవాళ్ళకి ఎంత వచ్చినా చారులో కరివేపాకే. భార్యాభర్తల్లో ఎవరి పేరు ముందుండాలన్నది వాళ్ళిష్టం. కానీ మనకు ఆ ఇష్టం ఉందన్న సంగతే తట్టదు. గ్యాస్ కనెక్షన్ దగ్గర్నుంచి గృహప్రవేశం కార్డు దాకా ముందు ఆయన పేరు, తర్వాత ఆవిడ పేరు. ఇన్నేళ్ళలో నా డెస్కు ముందుకి వచ్చిన మన జంటల్లో "మా ఇద్దర్లో ఎవరు రాస్తే మంచిదాంటీ" అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

అతను బయటికి రాగానే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఆమె పెళ్ళికి ముందూ తర్వాతా కూడా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసింది కాబట్టి అనుభవానికి కూడా లోటు లేదు.

"నీ పేరు తీసి ఆవిడ పేరు ముందు పెట్టు. మీ గొడవ తీరిపోతుంది."

అతను పెద్దగా నవ్వాడు. జోకు వేశాననుకున్నాడు. నేను నవ్వకపోయేసరికి ఆగాడు.

"మరి నేనాంటీ?"

"నువ్వు డిపెండెంట్‌వి."

అతను భార్య వైపు చూశాడు. ఆమె డబ్బా మూత గట్టిగా నొక్కుతోంది. ఆలోచించి చెబుతానని లేచి వెళ్ళిపోయాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, ఇక రాడు అనుకున్నాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేశాడు. "బుక్ చేశా ఆంటీ, ఆవిడ పేరు మీదే" అన్నాడు. గొంతు కాస్త నీరసంగా ఉన్నా మాట మాత్రం సూటిగా ఉంది. ఏనుగెక్కినంత సంబరపడ్డాను. ఒక కుటుంబాన్ని ఒడ్డున పడేశానని మా ఫ్రెంచావిడకి చెప్పుకున్నాను. మా ఇంట్లో డాక్టరుగారికి చెప్పుకున్నాను. చెప్పనివాళ్ళు లేరు.

పరీక్షరోజు వచ్చింది. ఆ శనివారం మా దగ్గర రెండు పరీక్షలు. కింద కంప్యూటర్ల గదిలో టీసీఎఫ్ కెనడా, పై అంతస్తులో డెల్ఫ్. పేర్లన్నీ హెడ్డాఫీసు నుంచి ఆ ఉదయమే వస్తాయి. కిందివాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి లోపలికి పంపాను. పిలవడం అయిపోయింది గానీ అతని భార్య పేరు రాలేదు. మళ్ళీ మొదటినుంచీ చూశాను, లేదు. హెడ్డాఫీసువాళ్ళు ఏదో వెలగబెట్టారని ఒళ్ళు మండిపోయింది. అతని ఉద్యోగానికి ఇంకెంతో గడువు లేదు, ఈ తేదీ తప్పితే మళ్ళీ ఎప్పుడో. ఆ పిల్ల వచ్చిందా అని తలుపు దగ్గరున్నతన్ని అడిగితే, అప్పుడే మెట్లెక్కి పైకి వెళ్ళిందన్నాడు.

మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి పరుగెత్తాను. డెల్ఫ్ గది ముందు వరసలో చివర నిలబడి ఉంది. చేతిలో పాస్‌పోర్టు, పెన్ను. తీరిగ్గా ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావు తల్లీ? నీ పరీక్ష కింద!"

"కాదాంటీ, ఇక్కడే."

"ఇది డెల్ఫ్. కెనడాకు పనికిరాదని ఆవేళ మీ ఆయనకి చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా?"

"ఉన్నానాంటీ. తెలిసే మార్చుకున్నాను. కింద బుకింగ్ క్యాన్సిల్ చేసి ఇది తీసుకున్నాను."

నా ఉద్యోగంలో తెలియక తప్పు పరీక్ష రాసినవాళ్ళని వందలమందిని చూశాను. తెలిసి, కోరి, తప్పు పరీక్ష రాయడానికి వచ్చిన మనిషిని చూడటం అదే మొదలు.

"నీకేమన్నా మతిపోయిందా? నెత్తి మీద కప్పు ఎగిరిపోతోందే మీకు!"

"నాకు కెనడా వెళ్ళాలని లేదాంటీ. మేం కెనడా వెళ్తున్నామని నాకెలా తెలిసిందో తెలుసా? ఆయన ఫ్రెండు వాళ్ళావిడ ఫోన్ చేసి కంగ్రాట్స్ అంది. అప్పుడు ఆయన్ని అడిగితే, అప్లికేషన్ నాది, నేను చూసుకుంటా, నువ్వు టెన్షన్ పడకు అన్నారు. వైజాగ్‌లో ఒక స్కూల్ వాళ్ళకి ఫ్రెంచి టీచర్ కావాలి. నాతో వీడియోలో మాట్లాడారు, డెమో క్లాసు కూడా చెప్పించుకున్నారు. డెల్ఫ్ ఈ లెవెల్ పాసైతే జూన్‌లో చేరిపొమ్మన్నారు."

"ఆ ముక్క మీ ఆయనకి చెప్పొద్దూ?"

"చెబితే ఇక్కడిదాకా రానిచ్చేవారా? మీరే కదాంటీ నా పేరు ముందు పెట్టమన్నారు. నా పేరు మీద వెళ్ళేటప్పుడు ఎక్కడికో నేను చెప్పొద్దా?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ పిల్ల మీద పట్టరాని కోపం వచ్చింది. రెండు చెంపలూ వాయించి కిందకి ఈడ్చుకుపోదామనిపించింది. ఈలోగా ఆ గదిలో ఆ రోజు పర్యవేక్షణ చూస్తున్న మా ఫ్రెంచావిడ తలుపు మీద చెయ్యి వేసి, లోపలికా బయటికా అన్నట్టు మా ఇద్దరినీ చూసింది. పరీక్ష రాసే మనిషి ఏ పరీక్ష రాయాలో నిర్ణయించే హక్కు నాకు లేదు. నా చేతులతోనే ఆమె పాస్‌పోర్టు తీసుకుని, ఫోటోని మొహంతో పోల్చి చూసి, లోపలికి పంపాను. తలుపు మూసుకుంది.

కిందికి వచ్చేసరికి అతను కారు పార్కు చేసి వచ్చి హాల్లో సోఫా మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఫ్లాస్కు, డబ్బా. పాపని ఆ ఐవరీకోస్టావిడ ఇంట్లో దింపి వచ్చారట. నన్ను చూడగానే లేచాడు.

"లోపలికి వెళ్ళిందా ఆంటీ? టెన్షన్ పడతందా?"

"లేదు బాబూ. అసలు పడటం లేదు."

"అమ్మయ్య. నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. పులిహోర నేనే చేశా ఇవాళ. కాస్త తినండాంటీ."

పరీక్ష రాసేవాళ్ళ సంగతులు బయట ఎవరికీ చెప్పకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి రూలు, మొగుడికైనా సరే. రూలు లేకపోయినా చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఆ పులిహోర బాగానే ఉంది. అతను మాత్రం ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. కెనడాలో స్నేహితుడి ఇంటి బేస్‌మెంట్ ఖాళీగా ఉందట. పాపకి మంచు బూట్లు ఇక్కడే సేల్‌లో కొన్నాడట. "మొదటి ఏడాది కష్టంగా ఉంటదాంటీ, తర్వాత అలవాటైపోద్ది" అన్నాడు. మంచివాడు. అదే నాకు ఇంకా బాధగా ఉంది. చెడ్డవాడైతే తగిన శాస్తి అయ్యిందనుకుని ఊరుకుందును. నా పని నేను చూసుకుంటున్నట్టు కంప్యూటర్ వైపు తిరిగాను, తెర మీద ఏమున్నదో ఒక్క అక్షరం కనపడితే ఒట్టు.

మధ్యాహ్నానికి కింది గదిలోవాళ్ళు బయటికి రావడం మొదలుపెట్టారు. అతను ఒక్కొక్క మొహమూ చూస్తున్నాడు. గది ఖాళీ అయ్యింది.

"ఆంటీ, మా ఆవిడేది?"

నేను నోరు తెరిచేలోగా మెట్ల మీద చప్పుడైంది. ఆమె పైనుంచి దిగి వస్తోంది. డెల్ఫ్‌కి రాత పరీక్ష అయ్యాక కాసేపు విరామం, ఆ తర్వాత ఓరల్. ఇంటికి వెళ్ళాక చెబుతుందేమో, ఈ పూటకి గండం గడుస్తుందేమో అనుకున్నాను. నేరుగా అతని ముందుకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, నేను రాసింది టీసీఎఫ్ కాదు. డెల్ఫ్."

అతను ఒక్క ఉదుటున నా వైపు తిరిగాడు. "ఏందాంటీ ఇది! తప్పు రూములో కూర్చోబెట్టారా? మా బతుకులతో ఆటలాంటీ మీకు? మీ మేనేజర్‌ని పిలవండి!" అంటూ కేక పెట్టాడు. హాల్లో అందరూ తలలు తిప్పారు.

"వాళ్ళనేమీ అనకండి. నేనే మార్చుకున్నాను."

అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె స్కూల్ సంగతి, జూన్ సంగతి తొణక్కుండా చెప్పింది. అతను వింటున్నాడో లేదో కూడా తెలియలేదు. చాలా మెల్లగా అడిగాడు.

"నాకు చెప్పకుండానా?"

"కెనడా సంగతి మీరు నాకు చెప్పారా?"

"అది మన మంచికే కదే! రెండేళ్ళు ఆ క్లాసుల్లో పడి చచ్చింది ఎవరికోసం? నీకోసం, పాపకోసం కాదా?"

"నాకు తెలుసండీ. అందుకే ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు."

"మరి వైజాగ్‌లో నేనేం చెయ్యాలి? నాకక్కడ ఎవరున్నారు? ఉద్యోగం ఏది? పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి నేను?"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక ఆ పిల్ల మెత్తబడుతుంది, సరేనంటుంది, అతను పరుగెత్తి వెళ్ళి ఇంకో తేదీకి బుక్ చేస్తాడు అనుకున్నాను. మన ఇళ్ళల్లో జరిగేది అదే కదా. నేనైతే అప్పటికే సరేనని ఉందును. ఆమె అతనికి కాస్త దగ్గరగా జరిగింది.

"నాలుగేళ్ళ కిందట ఇక్కడ దిగినప్పుడు నాకూ ఎవరూ లేరండీ. ఉద్యోగం లేదు. పొద్దున్నే మీరు వెళ్ళిపోతే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. మీరున్నారు కదా అని వచ్చాను. ఇప్పుడు మీరూ అలాగే రండి. నేనున్నాను కదా."

ఆ మాటలో కసి లేదు, వెటకారం లేదు. అది ఉంటే నాకు అంత దిమ్మ తిరిగేది కాదు. ఆమె నిజంగానే పిలుస్తోంది. నేను ఆసుపత్రుల వెంట ఎన్ని ఊళ్ళు తిరిగానో నాకప్పుడు గుర్తొచ్చింది. వేల్స్‌లో వానకి తడిసిన ఆ క్వార్టర్స్, లీడ్స్‌లో ఎవరూ పలకరించని ఆ వీధి. ఈ నాలుగు మాటలు నా నోటికి ఒక్కసారి కూడా ఎందుకు రాలేదో నాకర్థం కాలేదు. పైనుంచి ఓరల్‌కి పేరు పిలిచారు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. అతను ఫ్లాస్కూ డబ్బా అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

వెళ్ళిపోయాడనే అనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకుంది. ఓరల్ ముగించుకుని దిగి వచ్చి, ఖాళీ సోఫా చూసి, కోటు వేసుకుని, ఫ్లాస్కూ డబ్బా చేతిలోకి తీసుకుంది. "బస్సు ఎన్నింటికాంటీ?" అని మాత్రం అడిగింది. నేనూ బ్యాగు తీసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాను.

కారు పార్కులోనే ఉంది. అతను స్టీరింగ్ ముందు కూర్చుని, అద్దం దించుకుని, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. మమ్మల్ని చూడలేదు.

"అవున్రా, కెనడా లేదు. వైజాగ్. మా ఆవిడకి అక్కడ ఉద్యోగం. నాకా? నాకేం తెలీదురా. ఆవిడ వెళ్తంది కదా, నేనూ వెళ్తన్నా."